బోవాలకు ఒకే గూడు తగదు
తోడనుకుంటే ప్రాణాంతకం.. విడివిడిగా ఉంచడమే క్షేమం
రెండు తలల పామునైతే అసలు పెంచరాదు

కంచరపాలెం (విశాఖపట్నం): ఒంటరిగా ఉన్న లవ్‌బర్డ్‌కు జోడీ తేవడం, గాజు తొట్టిలో నాలుగు రంగుల చేపలను కలిపి వదలడం పెంపకందారులకు అలవాటైన పని. అదే సూత్రాన్ని పాములకూ వర్తింపజేస్తే వాటి ప్రాణాల మీదికి వస్తుంది. నగరాలలో విదేశీ సరీసృపాలను పెంచే సరదా పెరుగుతున్న కొద్దీ ఒక ప్రశ్న తరచూ ఎదురవుతోంది. రెండు బోవాలను ఒకే పెట్టెలో ఉంచవచ్చునా, లేక వేర్వేరుగా ఉంచాలా? విడివిడిగా ఉంచడమే సరైనదని సరీసృపాల వైద్యం, పెంపకం తెలిసినవారు స్పష్టం చేస్తున్నారు. అయితే మన ప్రాంతంలో దీనికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఇంట్లో ఉన్న పాము ఏ జాతిది? దానిని ఉంచుకునే హక్కు చట్టప్రకారం ఉన్నదా?

బోవా అంటే..

బోవాలు విషం లేని పాములు. ఎరను చుట్టి, బిగించి చంపుతాయి. చూపునకు కొండచిలువలను పోలి ఉన్నా రెండింటికీ ముఖ్యమైన తేడా ఉంది. కొండచిలువ గుడ్లు పెడుతుంది. బోవాలలో అత్యధికం నేరుగా పిల్లలను కంటాయి. పెంపకందారులు ఎక్కువగా కోరుకునే బోవా కన్‌స్ట్రిక్టర్ దక్షిణ అమెరికాకు చెందినది. పుట్టినపుడు అర మీటరు వరకు ఉండే ఈ పాము పెరిగితే 2 నుంచి 3 మీటర్లకు చేరుతుంది. 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతు ప్రదర్శనశాలలో ఒక బోవా 40 ఏళ్లు దాటి జీవించి 1977లో మరణించింది. అంటే దీనిని కొనడం రెండు మూడేళ్ల ముచ్చట కాదు, సగం జీవితకాలపు బాధ్యత.

మన నేలపైనా బోవా బంధువులు ఉన్నాయి. రెండు తలల పాముగా పేరుపడినది వాటిలో ఒకటి. దాని శాస్త్రీయ నామం ఎరిక్స్ జానీ. తోక మొద్దుగా, తల ఆకారంలోనే ఉండడంతో ఆ పేరు వచ్చింది. నిజానికి తల ఒక్కటే. వదులు మట్టిలో దాగి, ముఖ్యంగా ఎలుకలను తిని బతికే ఈ పాము రైతుకు మిత్రుడు. దీని దాయాది ఎరిక్స్ కోనికస్ ఒంటిపై గరుకు పొలుసులు, ముదురు మచ్చలు ఉంటాయి.

చట్టం ఏమంటోంది?

దేశీయమైన ఈ పాములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. వాటిని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం నేరం. ఒకటి ఉంచినా, పది ఉంచినా తప్పే. విడిగా పెట్టెలో పెట్టి శ్రద్ధగా చూసుకుంటున్నామన్న వాదన చెల్లదు.

విదేశీ బోవాల సంగతి వేరు. 2022 వరకు ఇవి ఈ చట్టం పరిధిలో లేవు. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ విదేశీ జీవులు కలిగినవారు స్వచ్ఛందంగా వివరాలు వెల్లడించాలని సూచించింది. 2022లో చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం జాబితాలో ఉన్న జీవులన్నింటినీ నాలుగో షెడ్యూలులో చేర్చారు. బోవా కుటుంబం మొత్తం ఆ జాబితాలో ఉంది. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నిబంధనల ప్రకారం అలాంటి జీవి ఉన్న ప్రతి ఒక్కరూ పరివేశ్ పోర్టల్ ద్వారా నమోదు చేసుకోవాలి. అప్పటికే పెంచుతున్నవారికి 6 నెలల గడువు ఇచ్చారు. కొత్తగా తెచ్చుకున్నవారు 30 రోజులలో దరఖాస్తు చేయాలి. పిల్లలు పుట్టినా, పాము చనిపోయినా, మరొకరికి ఇచ్చినా తెలియజేయాలి. ఈ పత్రాలు సక్రమంగా ఉన్నవారికి మాత్రమే పెట్టెల ప్రశ్న వర్తిస్తుంది.

తోడు కాదు.. పోటీ

రెండు బోవాలు ఒకదానిపై ఒకటి చుట్టుకుని పడుకుంటే అవి స్నేహంగా ఉన్నాయని యజమాని మురిసిపోతాడు. వాస్తవం వేరు. పాము తన శరీర ఉష్ణోగ్రతను తానుగా నియంత్రించుకోలేదు. అరగడానికి వెచ్చని చోటు, సేద తీరడానికి చల్లని చోటు, దాగడానికి చీకటి మూల దానికి అవసరం. పెట్టెలో వెచ్చని చోటు ఒక్కటే ఉన్నపుడు రెండూ అక్కడికే చేరతాయి. బలమైనది మంచి స్థానాన్ని ఆక్రమిస్తుంది. బలహీనమైనది సర్దుకుంటుంది, లేదా చల్లని మూలకు పోతుంది. ఒంటికి చాలినంత వేడి అందకపోతే తిన్నది అరగదు. క్రమంగా మేత మానేస్తుంది, చిక్కిపోతుంది. పాములు అరవవు, మూలగవు. కాబట్టి ఈ పోటీ కంటికి కనబడదు. నెలల తరువాత ఒకటి బలిసి, మరొకటి ఎండిపోయినపుడే విషయం బయటపడుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. పెట్టెలో కక్కిన ఎలుక కనిపిస్తే ఏ పాము కక్కిందో తెలియదు. మలంలో తేడా ఉన్నా, కుబుసం ముక్కలుగా ఊడినా ఏది జబ్బుపడిందో గుర్తించలేరు. పాముకు అనారోగ్యం ఉన్నదని చెప్పే ఆనవాళ్లు ఇవే. రెండింటినీ కలిపితే ఆ ఆనవాళ్లు చెరిగిపోతాయి.

మేత వేళ ముప్పు

కలిపి ఉంచడంలో తక్షణ ప్రమాదం మేత వేళ ఎదురవుతుంది. ఎలుక వాసన తగలగానే బోవా కదిలిన దానిపై విరుచుకుపడుతుంది. ఎదుట ఉన్నది ఎరా, సాటి పామా అని చూడదు. ఒకే ఎలుకను రెండు పాములు చెరోవైపు పట్టుకుంటే ఏదీ వదలదు. మింగుతూ పోయిన పెద్ద పాము ఎలుకతోపాటు చిన్న పాము తలనూ లోపలికి తీసుకోవచ్చు. పళ్లు లోపలికి వంగి ఉండడంతో పట్టు విడిపించడం కష్టం. విడిపించబోయిన మనిషి చేతికీ గాయాలవుతాయి. మేత వేళ మాత్రం వేరు చేస్తే సరిపోతుందని కొందరు భావిస్తారు. కానీ తిన్న తరువాత కూడా ఎలుక వాసన పాము ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. పైగా కడుపు నిండిన పామును పట్టి అటూఇటూ మారిస్తే తిన్నది కక్కేస్తుంది.

కనిపించని వ్యాధి

బోవాలను పీడించే వ్యాధులలో అతి భయంకరమైనది ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్. 1970 దశకం నుంచే ఈ వ్యాధి తెలిసినా దాని వెనుక అరీనావైరస్ తెగకు చెందిన వైరస్‌లు ఉన్నాయని 2012లో శాస్త్రవేత్తలు గుర్తించారు. వ్యాధి సోకిన బోవా చాలాకాలం ఆరోగ్యంగానే కనిపించవచ్చు. ముదిరిన తరువాత తిన్నది కక్కడం, తల నిలకడ తప్పడం, వెల్లకిలా పడితే తిరిగి సరిగా తిరగలేకపోవడం వంటి లక్షణాలు బయటపడతాయి. దీనికి చికిత్స లేదు, టీకా లేదు. ఒకే పెట్టెలో ఉన్న పాములకు సోకే అవకాశం ఎక్కువ. పాముల ఒంటిపై రక్తం పీల్చే మైట్లు అనే సూక్ష్మ పురుగులు కూడా దీనిని వ్యాపింపజేస్తాయని అనుమానిస్తున్నారు. అందుకే కొత్తగా తెచ్చిన పామును కనీసం 3 నెలలు వేరే గదిలో ఉంచి పరిశీలించాలి. నీటి పళ్లెం, పట్టుకారు, శుభ్రం చేసే గుడ్డ కూడా దేనికది ఉండాలి.

జత కలిస్తే..

చిన్న వయసులో బోవా ఆడదో మగదో చూపుతో చెప్పడం కష్టం. రెండూ ఒకే జాతివని, ఒకే ఈడువని కలిపి పెంచినవారికి ఒకనాడు పెట్టె నిండా పిల్లలు కనబడతాయి. బోవా కన్‌స్ట్రిక్టర్ ఒక కాన్పులో సాధారణంగా 20 నుంచి 30 పిల్లలను కంటుంది. కొన్నిసార్లు 60 వరకు కూడా ఉంటాయి. ప్రతి పిల్లకూ వేరే పెట్టె, వేరే మేత, వేరే నమోదు అవసరం. తగిన వయసు రాకముందే చూలు మోసిన ఆడపాము ప్రాణానికీ ముప్పే.

అంత భారం మోయలేక కొందరు పాములను కొండల్లో వదిలేయాలని ఆలోచిస్తారు. అది మరింత పెద్ద తప్పు. కరీబియన్ సముద్రంలోని అరూబా దీవిలో 1999లో తొలిసారి కనిపించిన బోవాలు అనతికాలంలోనే దీవి అంతటా వ్యాపించి అక్కడి పక్షులను, బల్లులను తినడం మొదలుపెట్టాయి. నేటికీ వాటిని తుదముట్టించలేకపోయారు. విశాఖ అంచునే కంబాలకొండ అభయారణ్యం ఉంది. పెంపుడు పామును అక్కడ వదలడమంటే పరాయి జీవిని, దానితోపాటు పరాయి రోగాన్ని అడవికి అంటగట్టడమే.

అడవిలో కలిసి ఉండవా?

ఉంటాయి. క్యూబాలోని ఒక గుహలో బోవాలు ద్వారం వద్ద పక్కపక్కనే వేలాడుతూ గబ్బిలాల దారిని మూసి వేటాడుతున్నట్లు 2017లో ఒక పరిశోధన వెల్లడించింది. అయితే గుహలోని పాము తన ఇష్టంతో వస్తుంది, ఇష్టంతో పోతుంది. 4 అడుగుల పెట్టెలో ఉన్న పాముకు ఆ స్వేచ్ఛ లేదు. బోవా కుటుంబానికే చెందిన పచ్చ అనకొండలలో జతకట్టే కాలంలో ఒక ఆడపాము చుట్టూ పలు మగపాములు ముద్దగా చేరతాయి. ఆ కలయిక ముగిశాక ఆడది మగపామును మింగిన సంఘటనలూ నమోదయ్యాయి. అనుభవజ్ఞులు జత కట్టించే రోజులలో మాత్రమే, కనిపెట్టుకుని ఉండి బోవాలను కలుపుతారు. పని ముగియగానే వేరు చేస్తారు.

అక్రమ రవాణాలోనూ అదే గతి

రెండు తలల పాము ఇంట్లో ఉంటే సిరి కలుగుతుందని, బరువును బట్టి లక్షలు, కోట్లు పలుకుతుందని వ్యాపించిన మూఢనమ్మకం ఈ జాతికి శాపంగా మారింది. 2016 నుంచి 2021 వరకు దేశంలో ఈ పాములను స్వాధీనం చేసుకున్న ఘటనలు 172 జరిగినట్లు వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ ఇండియా విభాగం లెక్కతేల్చింది. బరువు పెరగాలని నెలల తరబడి డ్రమ్ములలో, సంచులలో దాచే పాములు పైన చెప్పిన ఆపదలన్నింటినీ ఒకేసారి ఎదుర్కొంటాయి. పట్టుబడిన పాములను కూడా ఒకే సంచిలో వేసి తరలించరాదు. ఒక్కో పాముకు ఒక్కో గుడ్డ సంచి వాడాలి. రోగం ఉన్నదేమో చూడకుండా అడవిలో వదలరాదు.

విశాఖ వేడిలో జాగ్రత్త

పెంపకంపై విదేశీ పుస్తకాలు చలి నుంచి కాపాడడం గురించే ఎక్కువగా చెబుతాయి. సముద్రతీర నగరంలో సమస్య తలకిందులుగా ఉంటుంది. కంచరపాలెం వంటి జనసాంద్రత కలిగిన పేటలలో రేకుల కప్పు కింద, గాలి ఆడని గదిలో వేసవి మధ్యాహ్నం గాజు పెట్టె పొయ్యిలా మారుతుంది. బోవాకు వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. రెండు వైపులా ఉష్ణమాపకాలు అమర్చాలి. కరెంటు పోయినపుడు చల్లని మూల ఒక్కటే పామును కాపాడుతుంది. ఆ మూలలో రెండింటికి చోటు చాలదు.

పాము కనబడితే..

ఎలుకలు మరిగిన ఇళ్లలోకి, కొండవాలు పేటలలోకి పాములు రావడం వింత కాదు. మచ్చలున్న దేశీయ బోవాను రక్తపింజరిగా, రక్తపింజరిని బోవా లేదా కొండచిలువ పిల్లగా పొరబడడం తరచూ జరుగుతుంది. రక్తపింజరి కాటు ప్రాణాంతకం. కాబట్టి ఏ పామునూ చేతితో పట్టరాదు. దూరంగా నిలబడి కనిపెడుతూ అటవీశాఖకు సమాచారం ఇవ్వాలి. పొరపాటున కాటు పడితే కట్లు కట్టడం, కోయడం మాని, కదలకుండా ఉంచి వెంటనే ప్రభుత్వాసుపత్రికి తరలించాలి.

గుర్తుంచుకోవలసినవి ఇవే. దేశీయ బోవాను అసలు పెంచరాదు. విదేశీ బోవాను నమోదు లేకుండా ఉంచరాదు. నమోదైన బోవాలు రెండున్నా పదున్నా ఒక్కో పాముకు ఒక్కో పెట్టె తప్పదు. రెండో పెట్టెకు ఇంట్లో చోటు, చేతిలో డబ్బు లేనివారు రెండో పామును తేకపోవడమే దానికి చేసే మేలు.