కీ తిప్పితే 'టక్' మంటోందా? పాత కారు మొరాయింపు వెనుక ఓమ్ నియమం

1983 చివర్లో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ కూడా అదే ఏడాది నిలిచింది. అయినా రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గి, రెన్యువల్ చేయించుకుని తిరుగుతున్న పాత కార్లు మన రోడ్ల మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వాటి యజమానులకు బాగా తెలిసిన ఇబ్బంది ఒకటుంది. పొద్దున్నే కీ తిప్పితే ఇంజన్ తిరగదు. 'టక్' మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటుంది. హెడ్‌లైట్లు మాత్రం బాగానే వెలుగుతాయి. ఇరుగుపొరుగు వాళ్లు తోస్తే బండి కదులుతుంది. తర్వాత చాలామంది చేసే పని కొత్త బ్యాటరీ కొనడం. వేల రూపాయలు పోశాక, కొన్నాళ్లకే మళ్లీ అదే 'టక్'.

లైట్లు వెలిగి, ఇంజన్ తిరగకపోవడానికి కారణం హైస్కూల్లో చదువుకున్న ఓమ్ నియమంలోనే ఉంది. బ్యాటరీ టెర్మినల్‌కీ, దాన్ని పట్టుకుని ఉన్న క్లాంపుకీ మధ్య తెల్లటి, నీలిరంగు పొడి పేరుకుందనుకుందాం. ఆ అతుకు దగ్గర నిరోధం 0.02 ఓం మాత్రమే. హెడ్‌లైట్లు రెండూ కలిపి సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి కాబట్టి అక్కడ పోయేది 0.2 వోల్టు. కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ మోటారు మాత్రం చిన్న కారులోనైనా 100 ఆంపియర్ల దాకా అడుగుతుంది. అప్పుడు అదే అతుకు 2 వోల్టులు మింగేస్తుంది. తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఎలాగూ కొంత పడిపోతుంది, ఇది దానికి తోడు. పోయిన శక్తి 200 వాట్ల వేడిగా ఆ అతుకు దగ్గరే బయటపడుతుంది. రెండు మూడుసార్లు ప్రయత్నించాక క్లాంపు వెచ్చగా తగిలితే అనుమానించాల్సింది బ్యాటరీని కాదు.

మీటరు పెట్టి చూసినవాళ్లు కూడా ఇక్కడే మోసపోతుంటారు. బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు దాదాపు ప్రవహించదు. కరెంటు లేనిచోట నిరోధం ఎంత ఉన్నా వోల్టేజీ తగ్గదు. అందుకే ఎంత పాడైన అతుకు దగ్గరైనా 12.6 వోల్టులు కనిపిస్తాయి. కొలవాల్సింది సెల్ఫ్ తిరుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలోనే.

ఇందుకు కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, మీటరును 20 వోల్టుల డీసీకి తిప్పాలి. ఒక కొనను బ్యాటరీ సీసపు మొన మీద, రెండోదాన్ని దాని క్లాంపు మీద ఆనించి, మరొకరిని కీ తిప్పమనాలి. మంచి అతుకైతే మీటరు సున్నా దగ్గరే ఉంటుంది. 0.2 వోల్టు దాటితే శుభ్రం చేయాల్సిందే. తర్వాత నెగటివ్ మొనకూ ఇంజన్ లోహానికీ మధ్య ఇలాగే కొలవాలి. అక్కడ అర వోల్టు మించితే తప్పు ఎర్త్ వైరుది. పాత కార్లలో తుప్పు పట్టి, పైకి మాత్రం బాగానే ఉన్నట్టు కనిపించే వైరు అదే. చాలామంది చివరిదాకా దాని జోలికే వెళ్లరు.

శుభ్రం చేయడానికి నీళ్లలో కలిపిన వంటసోడా సరిపోతుంది, అది ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. క్లాంపు విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. కారు బాడీ అంతా నెగటివ్‌కే కలిపి ఉంటుంది కాబట్టి, ముందుగా పాజిటివ్ విప్పబోతే చేతిలోని స్పానర్ బాడీకి తగిలి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదనేది అందుకే.

అతుకులన్నీ బాగున్నాయని తేలాకే బ్యాటరీ సంగతి. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్నాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం. ఇంజన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. అప్పుడూ 12.5 దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్ గానీ, దాని బెల్టు గానీ పనిచేయడం లేదు. కొత్త బ్యాటరీ తెచ్చినా అది కూడా ఖాళీ అవుతుంది.

వేసవిలో రేడియేటర్

ఎండాకాలంలో పాత కారుకు వచ్చే రెండో జబ్బు వేడెక్కడం. రేడియేటర్ మూత పనిచేసే తీరు ప్రెషర్ కుక్కర్‌దే. లోపల వాతావరణ పీడనానికి అదనంగా 0.9 బార్ నిలిపితే నీటి మరుగు స్థానం 100 నుంచి సుమారు 118 డిగ్రీల సెల్సియస్‌కు పెరుగుతుంది. మూతలోని రబ్బరు వాషరు గట్టిపడితే ఆ పీడనం నిలవదు, నీళ్లు ముందే మరిగి పొంగుతాయి. ఖరీదైన రిపేరుకు దిగేముందు ఈ చవక మూతను మార్చి చూడటం మేలు. వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత విప్పకూడదు. పీడనం ఒక్కసారిగా తగ్గడంతో లోపలి ద్రవం ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

దారిలో బోరు నీళ్లు పోయడం మన దగ్గర సర్వసాధారణం. వాటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి కార్బనేట్‌గా మారి, ఇంజన్ లోపలి గోడలకు సున్నపు పొరలా అంటుకుంటుంది. బిందె అడుగున కనిపించే పొరే ఇది. లోహంతో పోలిస్తే వేడిని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. అవసరానికి పోసినా, ఇంటికొచ్చి ఇంజన్ చల్లారాక తీసేసి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ నింపుకోవాలి.

పెట్రోలు వాసన వస్తే

ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పాత డిజైన్ నాలుగు చక్రాల వాహనాల్లో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక అంచనా వేసింది. కానీ మైలేజీ కంటే ముందు పట్టించుకోవాల్సింది రబ్బరును. పాత పెట్రోలు పైపులను ఇథనాల్ దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు. అవి ఉబ్బి, మెత్తబడి, చివరికి పగుళ్లిస్తాయి. పైగా ఇథనాల్ ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని వదులు చేస్తుంది కాబట్టి ఫిల్టరు పూడుకుపోయి బండి మధ్యదారిలో ఆగిపోవచ్చు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పైపును వేళ్లతో నొక్కి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. జిగటగా, తడిగా ఉన్నా, వంచితే సన్నని పగుళ్లు కనిపించినా, ఇథనాల్‌కు తట్టుకునే రకం పైపు వేయించుకోవాలి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పుమంటే, ఆ రోజు కీ తిప్పి కొలతలు తీసుకునే ప్రయత్నమే చేయకూడదు. సెల్ఫ్ మోటారు లోపల పుట్టే చిన్న నిప్పురవ్వ ఆ ఆవిరిని అంటించడానికి చాలు.