పది లెక్కపెట్టేంత సేపు

మన ఒంట్లో ఒక్కో కణంలో మామూలుగా 46 క్రోమోజోములుంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో చాలామందికి 47. ఇరవై ఒకటో క్రోమోజోము రెండుకు బదులు మూడుంటాయి. అందుకే ఏటా మూడో నెల 21వ తేదీని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా జరుపుతారు. ఇది అంటుకునేది కాదు, అమ్మానాన్నల తప్పు అంతకన్నా కాదు.

మరి ఈ పిల్లలకు మాట ఎందుకు ఆలస్యం? నోటి కండరాలు కాస్త వదులుగా ఉంటాయి. విన్నదాన్ని మనసులో సర్దుకుని జవాబు కూర్చుకోవడానికీ సమయం పడుతుంది. చాలామందికి అర్థమయ్యేది ఎక్కువ, పలకగలిగేది తక్కువ. "నీ పేరేంటి?" అని అడిగి, వెంటనే పక్కనున్న అమ్మవైపు తిరిగామా, పెదాల దాకా వచ్చిన పేరు అక్కడే ఆగిపోతుంది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మనసులో పది లెక్కపెట్టుకుంటూ ఆ ముఖంలోకే చూడండి.

వాళ్లను ఆటలో ఎలా చేర్చుకోవాలి? తొక్కుడుబిళ్ల ఎలా ఆడాలో గడగడా చెప్పేయకుండా, ఒకసారి ఆడి చూపించండి. చూసి నేర్చుకోవడం వాళ్లలో చాలామందికి సులువు. ఒంటికాలిపై కుంటడం కష్టమైతే రెండు కాళ్లతో గెంతనివ్వండి. అలసిపోతే కాసేపు ఆగండి. ఆటలో అరటిపండును మాత్రం చేయకండి. బిళ్ల వాళ్లే వేయాలి, గీత తొక్కితే వాళ్లూ ఔటే.