ఆసుపత్రి బిల్లు - టెలిఫోను యంత్రము

ఇటీవల మెదకు పట్టణమున రాందాసు చౌరస్తా వద్ద ఒక వృద్ధ రైతు బిల్లుల కట్టను చేతబట్టుకొని, ఫోను చెవికి ఆనించుకొని నిలిచియుండెను. నన్ను చూచి, "సారూ, ఈ ఫోన్ల మనిషి ఎప్పుడు మాట్లాడ్తడు?" అని అడిగెను. కుమారుని చికిత్సకై హైదరాబాదు పోయి వచ్చిన ఆయనకు బీమా సొమ్ములో కొంత ఏల కోతపడినదో తెలియలేదు. ఇట్టి కష్టము నేడు పలు కుటుంబములకు కలదు.

ముందుగా ఆ యంత్రము సంగతి తెలిసికొందము. ఫోనులో ప్రతి అంకెకును రెండు స్వరములు కలిసిన ధ్వని యుండును. ఈ పద్ధతి 1963లో అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. మీరు నొక్కిన అంకెను ఆ ధ్వనిచే గుర్తించి, యంత్రము ముందే నింపియుంచిన మాటలను వినిపించును. పాలసీ గడువు, దరఖాస్తు స్థితి మొదలగునవి అది చెప్పగలదు. "ఈ మందుకు రెండుమారులు వెల ఏల వేసిరి?" అను ప్రశ్నకు దానియొద్ద అంకె లేదు. జవాబు దొరకకపోవుట అడిగినవారి తప్పు కాదు.

కావున బిల్లును గూర్చిన ప్రశ్నను ఆసుపత్రి విడువకముందే అడుగవలెను. మొత్తము సొమ్ము మాత్రము వ్రాసిన కాగితముతో తృప్తిపడరాదు. గది, వైద్యుని ఫీజు, పరీక్షలు, మందులు వేరువేరుగా చూపిన బిల్లును కోరుడు. వాడక తిరిగి ఇచ్చిన మందుల వెల తగ్గించిరా యని చూడుడు. గుండె రక్తనాళములలో అమర్చు స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము గరిష్ఠ ధర నిర్ణయించి, వాటి వెలను బిల్లులో వేరుగా చూపవలెనని ఆదేశించినది. రోగి చికిత్సా పత్రములను కోరినచో 72 గంటలలో ఇయ్యవలెనని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలు చెప్పుచున్నవి.

ఆరోగ్యశ్రీ క్రింద చికిత్స పొందువారికి మార్గము సులభము. తెలంగాణములో ఈ పథకపు పరిమితి 2023 డిసెంబరులో కుటుంబమునకు ఏటా 10 లక్షల రూపాయలకు పెంచబడినది. పథకములో చేరిన ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర యుండును. పథకమునకు లోబడిన చికిత్సకు ఎవరైన సొమ్ము అడిగినచో మొదట ఆయనకు తెలుపుడు. పిమ్మట 104కు ఫోను చేయుడు. 2016 అక్టోబరు 11న మెదకు జిల్లా కేంద్రమైనది గనుక, పూర్వమువలె సంగారెడ్డికి పోనక్కరలేకయే కలెక్టరు కార్యాలయమున సోమవారపు ప్రజావాణిలో అర్జీ ఇయ్యవచ్చును.

ప్రైవేటు బీమా గలవారు 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఉత్తర్వును గుర్తుంచుకొనవలెను. నగదు చెల్లింపు లేని చికిత్సలో ఆసుపత్రి డిశ్చార్జి కోరిన 3 గంటలలో కంపెనీ తుది అనుమతి నీయవలెను. ఆలస్యమువలన ఆసుపత్రి అధికముగా వసూలుచేయు సొమ్మును కంపెనీయే భరింపవలెను.

కంపెనీకి ఫోను చేసినప్పుడు తేదీ, వేళ, ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనుడు. అదే విషయమును ఉత్తరముగా పంపి నకలు దాచుకొనుడు. నియంత్రణ సంస్థకు 155255 నంబరున ఫిర్యాదు చేయవచ్చును. నెల దినములలో కంపెనీనుండి జవాబు రాకున్నను, వచ్చిన జవాబు సమంజసముగా లేకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా వ్రాయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

సొమ్ము చెల్లించి పొందిన వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. ఈ విషయమున సలహాకు 1915 నంబరు కలదు. చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనిచో జిల్లా వినియోగదారుల కమిషనులో రుసుము లేకయే ఫిర్యాదు చేయవచ్చును.

ఫోనులో పలికిన మాట నిలువదు; కాగితముపై వ్రాసినది నిలుచును. పట్టాపుస్తకమును భద్రపరచు పెట్టెలోనే ఆసుపత్రి బిల్లులను, రశీదులను, ఉత్తరముల నకళ్లను దాచుడు. చదువరాని ఇరుగుపొరుగు వారికి చదువుకొన్న యువకులు ఒక అర్జీ వ్రాసిపెట్టుట గొప్ప సహాయము కాగలదు.