కోకో కరువులో పుట్టిన చాక్లెట్

ఊళ్లో కిరాణా కొట్టు దగ్గర గుడ్డు ఆకారంలో ఉండే కిండర్ జాయ్ కావాలని పిల్లలు మారాం చేయడం చూస్తూనే ఉంటాం. గలగలమనే టిక్‌టాక్ డబ్బా, బంగారు రంగు కాగితం చుట్టిన ఫెర్రెరో రోషర్ ఉండ కూడా ఆ కంపెనీవే. ఇటలీకి చెందిన ఫెర్రెరో కుటుంబం దీని యజమాని. మూడు తరాలుగా ఆ ఇంటివాళ్ల చేతిలోనే ఉంది. మహారాష్ట్రలోని బారామతిలో 2011లో ఫ్యాక్టరీ కూడా పెట్టారు. చాక్లెట్ల గొడవ రైతుకెందుకు అనుకోవద్దు. కోకో వేసిన రైతు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఈ కుటుంబం కథలో ఉంది.

పక్క తోటలోని గింజే ఆదుకుంది

ఇటలీ ఉత్తర భాగాన పీడ్‌మాంట్ ప్రాంతంలో ఆల్బా అనే చిన్న పట్నం ఉంది. పియెత్రో ఫెర్రెరో అక్కడ మిఠాయిలు చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి కోకో దొరకడం గగనమైపోయింది. దొరికినా ధర అందుకోలేనంత. కోకో వేడి దేశాల పంట, ఇటలీలో పండదు. అయితే ఆల్బా చుట్టూ ఉన్న లాంగే కొండల్లో హేజెల్‌నట్ తోటలకు కొదవ లేదు. ఇది కుంకుడుకాయంత ఉంటుంది. పైన గట్టి పెంకు, లోపల బాదంలా కమ్మటి పప్పు.

కోకో తగ్గించి ఈ పప్పు ముద్ద కలిపితే సరిపోతుంది కదా అనుకున్నారు పియెత్రో. 1946లో దిమ్మలా చేసి అమ్మారు. జనం ముక్క కోసుకుని రొట్టెలో పెట్టుకు తినేవారు. చాక్లెట్ కొనలేని పేదింటికీ ఆ రుచి అందింది. పియెత్రో 1949లో చనిపోయారు. 1951లో దిమ్మ కాస్తా రొట్టెకు పూసుకునే మెత్తటి ముద్దగా మారింది. కొడుకు మికేలె దాన్ని మరింత మెరుగుపరిచి 1964లో నుటెల్లా పేరుతో సీసాల్లో తెచ్చారు. కిండర్, టిక్‌టాక్, 1982లో రోషర్ ఆ తర్వాత వచ్చినవే.

పొలం వదలకుండా ఫ్యాక్టరీ పని

లాంగే కొండలు ఆ రోజుల్లో బీద ప్రాంతం. సాగు గిట్టుబాటు కాక జనం వలస పోయేవారు. ఫెర్రెరో వాళ్లు కార్మికులను పట్నానికి మకాం మార్చమనలేదు. ఊరూరికీ బస్సులు పంపి ఫ్యాక్టరీకి తీసుకెళ్లి, పని అయ్యాక ఇంటి దగ్గర దించేవారు. జీతం చేతికొచ్చింది, భూమీ చేజారలేదు. పొద్దుట షిఫ్టుకు వెళ్లొచ్చి సాయంత్రం తోట పని చూసుకున్నారు. ఊళ్లు ఖాళీ కాకుండా నిలిచాయి.

కొనేవాడు పెద్దవాడైతే

కంపెనీ పెరిగేకొద్దీ ఇటలీ పంట చాలలేదు. ప్రపంచంలో పండే హేజెల్‌నట్‌లో సుమారు మూడింట రెండొంతులు టర్కీదే. నల్ల సముద్రం ఒడ్డున కొండవాలుల్లో చిన్న చిన్న కమతాల రైతులు పండిస్తారు. ప్రపంచంలో ఈ గింజ అందరికంటే ఎక్కువ కొనేది ఫెర్రెరోయే. 2014లో టర్కీలోని ఒల్తాన్ అనే పెద్ద హేజెల్‌నట్ వ్యాపార సంస్థను కూడా కొనేసింది.

కొనేవాడు అంత పెద్దవాడు, అమ్మేవాడు నాలుగు బస్తాల రైతు. కోత కాగానే అప్పు తీర్చాలి, ఇంటి ఖర్చుకు కావాలి. ఆగే ఓపిక ఉండదు. అందుకే అక్కడి ప్రభుత్వ ధాన్యం బోర్డు ఏటా ధర ప్రకటించి తానూ కొంటుంది. 2025 ఏప్రిల్‌లో మంచు కొట్టి పూత, పిందె మాడిపోయాయి. ధర ఎగిసింది. కానీ తోటలో కాయ లేని రైతుకు ఆ ధరతో ఒరిగిందేమిటి?

మన కోకో రైతు గమనించాల్సింది

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో వేసిన రైతులకు 2024 మరిచిపోలేని సంవత్సరం. ఆఫ్రికాలో ఐవరీ కోస్ట్, ఘనా పంటలు దెబ్బతిని, ఆ మార్చిలో ప్రపంచ మార్కెట్లో టన్ను 10,000 డాలర్లు దాటింది. మన దగ్గర ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా పలికాయి. ఆ మరుసటి ఏడాది అదే రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఇందులో వింతేమీ లేదు. కోకో మరీ ప్రియమైతే చాక్లెట్ కంపెనీలు ఏం చేస్తాయో పియెత్రో ఫెర్రెరో 1946లోనే చూపించారు. కోకో తగ్గించి ఇంకోటి కలుపుతారు, లేదా ముక్క సైజు తగ్గిస్తారు. యూరప్‌లో అమ్మే నుటెల్లాలో కోకో 7.4 శాతమే. హేజెల్‌నట్ 13 శాతం. ఎక్కువ భాగం పంచదార, పామాయిల్. కంపెనీ దినుసు త్వరగానే మార్చుకోగలదు. రైతు చెట్టు మార్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది. ఒక్క ఏడాది ధర చూసి అప్పు చేసి విస్తీర్ణం పెంచడం అందుకే ప్రమాదం. అంతరపంటగా ఉన్నంత వరకు కోకో మంచి తోడు. దాని మీదే సంసారం నడపాలనుకుంటే కష్టం.

ధర మన చేతిలో లేదు, నాణ్యత మన చేతిలో ఉంది. బాగా పండిన కాయలే కోయాలి. తెగులు కాయల గింజలు కలపొద్దు. అరటాకులు పరిచిన వెదురు బుట్టలో పచ్చి గింజలు పోసి కప్పి, ఆరు రోజులు పులియనివ్వాలి. మూడో రోజు, అయిదో రోజు తిరగేయాలి. చాక్లెట్ వాసన పుట్టేది ఇక్కడే. తర్వాత తేమ 7 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. గుప్పిట పట్టి నలిపితే గలగలమనాలి. గింజ సగటున గ్రాము తూగితే మంచి రకం కింద లెక్క. బూజు పట్టిన గింజలు నాలుగు కలిసినా బస్తా మొత్తానికి కోత పెడతారు.

ఒక్కో రైతు ఒక్కో బస్తా తీసుకెళితే కొనేవాడు చెప్పిందే ధర. ఊళ్లో పదిమంది కలిసి ఒకే తీరులో పులియబెట్టి, ఎండబెట్టి, సరుకంతా ఒకచోట చేర్చి ఇద్దరు ముగ్గురు కొనుగోలుదార్లను పిలిస్తే మాట్లాడే వీలుంటుంది. టర్కీ రైతుకైనా, గోదావరి రైతుకైనా ఒంటరిగా నిలబడితే బేరం లేదు.