దుంగతో పాటు పురుగూ ప్రయాణం
అటవీ తెగుళ్లకు అడ్డుకట్ట వేయలేకపోతున్న రవాణా పర్మిట్లు

షాలిమార్ (హౌరా): కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరే స్టేషన్‌గా నేడు తెలుగు ప్రయాణికులకు పరిచయమైన షాలిమార్, ఒకప్పుడు హుగ్లీ తీరాన బెంగాల్ నాగపూర్ రైల్వేకు సరుకుల యార్డు. సాల వృక్షాలకు పేరొందిన మండ్లా ప్రాంతానికి నారోగేజి లైను వేసినదీ ఆ కంపెనీయే. ఇటువంటి యార్డులలోని బుకింగ్ గుమాస్తాకు చట్టం ఒక అసాధారణ బాధ్యతను అప్పగించింది. 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టానికి 1938లో చేర్చిన సెక్షన్ల ప్రకారం, రాష్ట్రం దాటరాదని కేంద్రం నోటిఫై చేసిన సరుకును స్వీకరించేందుకు ఆయన నిరాకరించవలసిందే.

అయితే ఈ అధికారాన్ని ప్రధానంగా ఆలుగడ్డ, అరటి, యాపిల్, కాఫీ తెగుళ్లపైనే ప్రయోగించడం గమనార్హం. డార్జిలింగ్ కొండల్లో పులిపిరి తెగులు కనిపించినందున పశ్చిమ బెంగాల్ ఆలుగడ్డలపై ఆంక్షలు వచ్చాయి. అడవి కలపకు మాత్రం రవాణా పర్మిట్లే దిక్కు. అవి దొంగ కలపను పట్టుకోవడానికి ఉద్దేశించినవే గాని, బెరడు కింద దాగిన పురుగును పట్టుకోవడానికి కాదు.

ఆ పురుగు ఎంత నష్టం చేయగలదో 1990వ దశకం ద్వితీయార్ధంలో మధ్యప్రదేశ్ చవిచూసింది. మండ్లా తదితర జిల్లాల్లో సాల (మన గుగ్గిలం చెట్టు) కాండాన్ని తొలిచే పెంకుపురుగు లక్షలాది వృక్షాలను ఆశించింది. తొలకరితో వెలుపలికి వచ్చే ఈ పురుగు బెరడుపై గుడ్లు పెడుతుంది. వాటి నుంచి పుట్టిన పిల్ల పురుగులు చేవలోకి తొలుచుకుపోయి, మరుసటి తొలకరికి రెక్కలతో బయటపడతాయి. కనుక సోకిన చెట్టును నరికి, వానలకు ముందే అడవి దాటించాలి. తాజా దుంగల రసానికి చేరే పురుగులను ఏరి చంపించడం మరో పద్ధతి.

చిక్కంతా ఇక్కడే ఉంది. దుంగను కదపకపోతే ఆ అడవికి, కదిలిస్తే డిపో పక్కనున్న అడవికి ముప్పు. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతపై కఠిన ఆంక్షలు విధించి, ఈశాన్య రాష్ట్రాల కలప రైలు, రోడ్డు, జలమార్గాలలో బయటకు వెళ్లకుండా నిషేధించిన విషయం విదితమే. పురుగు సాకుతో ఆరోగ్యవంతమైన చెట్లనూ కూలుస్తున్నారన్న ఆరోపణలు అటుపిమ్మట అదే న్యాయస్థానం ముందుకు వెళ్లాయి. ఆ అనుమానం నిరాధారమని కొట్టివేయదగినది కాదు.

రేవులలో పరిస్థితి మెరుగు. దిగుమతి కలపకు విషవాయు శుద్ధి వంటి షరతులను 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు విధించింది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్యాకింగ్ కలపను వేడితో శుద్ధి చేసేటట్లయితే, 56 డిగ్రీల సెల్సియస్ వేడి దాని మధ్యభాగానికి చేరి 30 నిమిషాలు నిలవాలి. ఆంక్షలు సర్వరోగ నివారిణి కావు. 2002లో పచ్చ పెంకుపురుగును గుర్తించిన అమెరికా, వంటచెరకు రవాణాను సైతం ఏళ్ల తరబడి కట్టడి చేసినా, అది వ్యాపిస్తూనే ఉండటంతో 2021 జనవరిలో ఫెడరల్ ఆంక్షలను ఎత్తివేసింది.

సాల అడవులు దక్షిణాన ఉత్తరాంధ్ర సరిహద్దు వరకు విస్తరించి ఉన్నాయి. బెరడు తీసిన దుంగకే పర్మిట్ ఇవ్వాలన్న షరతు ఖర్చులేనిదే. కాని పురుగు చేవలోకి చేరకముందు, అనగా వానాకాలం ముగిసేలోగా తీస్తేనే దానివల్ల ప్రయోజనం.