తెల్ల ఉరుముల తీరం

భోజనాల బల్ల మీద సూప్ పొగలు కక్కుతోంది. అంతలో మైకులో కెప్టెన్ గొంతు... 'కుడివైపున తిమింగలాలు!' అంతే, చెంచాలు ఎక్కడివక్కడే. కోటు దొరికినవాళ్లు కోటుతో, దొరకనివాళ్లు అలాగే చలికి వణుకుతూ డెక్కు మీదికి పరుగు. తిరిగొచ్చేసరికి సూప్ చల్లారిపోతుంది. అయినా అదేంటని అడిగేవాళ్లు ఉండరు. అలాస్కా తీరం వెంట చిన్న ఓడలో ప్రయాణమంటే ఇలాగే ఉంటుంది మరి!

పటంలో పసిఫిక్ తీరం వెంట పైకి వెళ్తే కెనడా దాటుతుండగా నేల చినిగిన చీర అంచులా పీలికలు పీలికలుగా కనిపిస్తుంది. అదే ఆగ్నేయ అలాస్కా. అక్కడి అలెగ్జాండర్ దీవుల సమూహంలోనే సుమారు 1100 దీవులున్నాయి. వాటి మధ్యగా సాగే నీటిదారి పేరు 'ఇన్‌సైడ్ ప్యాసేజ్'. మహాసముద్రపు కెరటాలను దీవులే అడ్డుకుంటాయి కాబట్టి లోపల నీళ్లు చాలావరకు చెరువులా నిమ్మళంగా ఉంటాయి. ఒడ్డంతా టోంగాస్ అడవి. 1.7 కోట్ల ఎకరాలకు కాస్త అటూఇటూగా ఉండే ఇది అమెరికాలోకెల్లా పెద్ద జాతీయ అడవి. రాష్ట్ర రాజధాని జూనోకి బయటి ఊళ్ల నుంచి రోడ్డే లేదు. వెళ్తే విమానంలో వెళ్లాలి, లేదంటే ఓడెక్కాలి.

టైంటేబుల్ తిమింగలాలదే!

అలాస్కా క్రూయిజ్ అనగానే గుర్తొచ్చేవి సియాటిల్, వాంకూవర్‌ల నుంచి బయలుదేరే పెద్ద ఓడలు. మూడు నాలుగు వేల మంది ప్రయాణికులు, థియేటర్లు, ఈతకొలనులు, దుకాణాలు... తేలే పట్నాలే అవి. చిన్న ఓడల్లో ఆ హంగులేవీ ఉండవు. ఎక్కేది వంద మంది లోపే. అందరికీ కలిపి ఒక భోజనశాల, ఒక లాంజ్, బైనాక్యులర్లు, రబ్బరు పడవలు, కయాక్‌లు. చాలా ఓడల్లో కెప్టెన్ గది తలుపు కూడా తెరిచే ఉంటుంది. పిల్లలైనా పెద్దలైనా వెళ్లి పటం చూడొచ్చు, సందేహాలు అడగొచ్చు.

వీటికీ పెద్ద ఓడలకూ మధ్య ఓ పాత చట్టం కూడా ఉంది. విదేశీ జెండాతో నడిచే ఓడలు మధ్యలో పరాయి దేశపు రేవును తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయకూడదని 1886లోనే శాసనం చేశారు. పెద్ద క్రూయిజ్ ఓడలు చాలావరకు విదేశీ జెండావి. అందుకే అవి దారిలో కెనడాలో ఆగుతాయి. అమెరికాలోనే తయారై, అమెరికా జెండాతో తిరిగే చిన్న ఓడలకు ఆ బాధ లేదు. జూనోలోనో సిట్కాలోనో బయలుదేరి వారమంతా ఆ దీవుల మధ్యే తిరుగుతాయి. పెద్ద ఓడలు దూరలేని సన్నటి పాయల్లోకి వెళ్తాయి. ఎక్కడ ఏది కనిపిస్తే అక్కడ ఆగుతాయి. ఏ రోజు ఎక్కడికన్నది కాగితం మీద రాసే ఉంటుంది కానీ గాలి, పోటు, తిమింగలాలు ఒప్పుకుంటేనే!

బుడగల వల

వేసవిలో ఇక్కడ కనిపించే హంప్‌బ్యాక్ తిమింగలాల్లో చాలావాటికి శీతాకాలపు విడిది హవాయి. అక్కడే పిల్లల్ని కంటాయి. ఆ గోరువెచ్చని నీళ్లలో వాటికి తిండి దాదాపు దొరకదు. నెలల తరబడి ఒంట్లోని కొవ్వుతోనే నెట్టుకొచ్చి, నాలుగైదు వేల కిలోమీటర్లు ఈదుకుంటూ అలాస్కా చేరతాయి. ఇక్కడి చల్లటి నీళ్లలో హెర్రింగ్ చేపలకు కొదవ లేదు. వచ్చీరాగానే తినడమే పని.

ఆ తినడంలోనూ ఓ విద్య ఉంది. కొన్ని తిమింగలాలు జట్టు కడతాయి. ఒకటి చేపల గుంపు కిందకి వెళ్లి గుండ్రంగా తిరుగుతూ బుడగలు వదులుతుంది. పైకి లేచే ఆ బుడగలే వల! మరొకటి కింద నుంచి గట్టిగా అరుస్తుంది. బెదిరిన చేపలన్నీ మధ్యలో ముద్దగా చేరగానే జట్టు మొత్తం నోళ్లు తెరుచుకుని ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఒక్కోటి 30 టన్నులకు పైగా బరువుండే జీవాలు అరడజను కలిసి నీళ్లు చీల్చుకుని లేస్తుంటే కెమెరా నొక్కడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

నిబంధనల ప్రకారం ఓడ వంద గజాల కన్నా దగ్గరికి పోకూడదు. కెప్టెన్ ఇంజిన్ ఆపేస్తాడు. కొన్ని ఓడల్లో నీళ్లలోకి మైకు దించుతారు. అరుపు స్పీకర్లో వినిపించినంతసేపూ అందరూ ఊపిరి బిగబడతారు. అది ఆగిందంటే ఇక రెండు మూడు క్షణాలే. తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగే. వాటిని బట్టే ఏ తిమింగలం ఏటేటా తిరిగొస్తోందో శాస్త్రవేత్తలు లెక్క రాసుకుంటారు.

చేపను తినే అడవి

మర్నాడు పొద్దున రబ్బరు పడవల్లో ఒడ్డుకు. కాళ్లకు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. 'అలాస్కా స్నీకర్లు' అని వీటికి ముద్దుపేరు. అవి లేకపోతే అడుగు పడదు. ఈ తీరంలోని కెచికన్ ఊళ్లో ఏడాదికి కురిసే వాన హైదరాబాద్ వానకు నాలుగు రెట్ల పైమాటే. చెట్ల మొదళ్ల నుంచి కొమ్మల దాకా నాచు పట్టి ఉంటుంది. నడుస్తూ మధ్యమధ్య చప్పట్లు కొట్టాలి, గట్టిగా మాట్లాడాలి. కారణం ఎలుగుబంట్లు. జూనోకి దగ్గర్లోని అడ్మిరాల్టీ దీవిలోనే 1500కి పైగా గోధుమరంగు ఎలుగులు ఉంటాయని అంచనా. అక్కడి ట్లింగిట్ తెగవాళ్లు ఆ దీవిని 'ఎలుగుల కోట' అని పిలుస్తారు.

వాటి పండగ రోజులు సాల్మన్ చేపలు ఏరుల్లోకి ఎదురెక్కే వేసవి నెలలు. గోదావరికి వరదనీరు రాగానే పులస ఎదురీదినట్టు, సాల్మన్లూ సముద్రం విడిచి పుట్టిన ఏటికే తిరిగొస్తాయి. కాకపోతే పసిఫిక్ సాల్మన్‌కు అదే ఆఖరి ప్రయాణం. గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఎలుగులు చేపను పట్టి అడవిలోకి లాక్కెళ్తాయి. సగం తిని వదిలేస్తాయి. మిగిలింది గద్దలకు, పురుగులకు, చివరికి చెట్టు వేళ్లకు. సముద్రం నుంచి వచ్చిన నైట్రోజన్‌ను శాస్త్రవేత్తలు ఆ చెట్ల కలపలోనే గుర్తించారు. అంటే అక్కడ అడవి కూడా చేపను తిన్నట్టే!

ఇప్పుడు కొమ్మకొమ్మకీ కనిపించే తెల్లతల గద్దలకు ఒకప్పుడు అలాస్కాలో తలకింతని వెల కట్టారు. సాల్మన్లను తినేస్తున్నాయన్న కోపంతో 1917 నుంచి 1953 దాకా చంపినవాళ్లకు సర్కారే డబ్బిచ్చింది. లక్షకు పైగా గద్దలు బలయ్యాయి. సీ ఆటర్లది ఇంకో కథ. బొచ్చు కోసం వేటాడి ఈ తీరంలో వాటి జాడే లేకుండా చేశారు. 1960ల్లో అలాస్కాలోని ఇతర ప్రాంతాల నుంచి సుమారు 400 తెచ్చి వదిలారు. ఇప్పుడా సంతతి 20 వేలు దాటింది. పొట్ట మీద పిల్లను పడుకోబెట్టుకుని వెల్లకిలా తేలే తల్లుల్ని చూసి ప్రయాణికులు మురిసిపోతారు. పీతలన్నీ తినేస్తున్నాయని జాలర్లు మాత్రం విసుక్కుంటారు.

కుక్క పరుగంత వేగం

వారంలో అందరూ ఎదురుచూసే రోజు గ్లేసియర్ బేది. తెల్లారేసరికి ఓడలోకి నేషనల్ పార్క్ రేంజర్ వస్తారు. దారి పొడవునా కథ చెబుతారు. 1794లో కెప్టెన్ వాంకూవర్ బృందం ఇటు వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమే లేదు. దాదాపు నోటి దాకా మంచుగోడే. 1879లో ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ ట్లింగిట్ సరంగుల పడవలో వచ్చేసరికి మంచు 60 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయి ఉంది. ఇప్పుడు అఖాతం పొడవు వంద కిలోమీటర్ల పైచిలుకు.

ఓడ లోపలికి వెళ్లేకొద్దీ కాలంలో వెనక్కి వెళ్లినట్టుంటుంది. మంచు ముందుగా ఖాళీ చేసిన నోటి దగ్గర దట్టమైన అడవి. ఇంకాస్త లోపల పొదలు. ఆపైన నాచు. చిట్టచివర నిన్నమొన్న బయటపడిన ఉత్తి రాయి. ఆ కొసన మార్జరీ హిమానీనదం. ఎక్కడో కొండల్లో మొదలై 34 కిలోమీటర్లు పాకుతూ వచ్చి సముద్రంలో కాలు పెట్టిన మంచునది. నీటిపైన కనిపించే గోడే 250 అడుగులు. అంటే పాతిక అంతస్తుల మేడంత!

ఇంజిన్ ఆగుతుంది. చుట్టూ తేలే మంచుముక్కలు నూనెలో వేసిన పోపులా చిటపటమంటాయి. వాటిలో ఎన్నో ఏళ్లుగా చిక్కుకున్న గాలి బుడగలు పగులుతున్న చప్పుడది. ఉన్నట్టుండి గోడలోంచి ఓ పెళ్ల జారుతుంది. ముందు కూలడం కనిపిస్తుంది. క్షణం ఆగి ఫెళ్లుమని మోత. ట్లింగిట్లు దాన్ని 'తెల్ల ఉరుము' అంటారు. తర్వాత అల వచ్చి ఓడను ఊయలలా ఊపుతుంది.

ఇదంతా చూడటానికి వచ్చినవాళ్లకు వేడుక. కానీ ఒకప్పుడు ఇదే మంచు కొందరికి ఊరు లేకుండా చేసింది. హూనా ట్లింగిట్ల పూర్వీకులు ఈ లోయలోనే బతికేవారు. 1700ల మధ్యలో మంచు ముందుకు దూసుకొచ్చింది. కుక్క పరుగెత్తేంత వేగంగా వచ్చిందని వాళ్ల పెద్దలు చెప్పుకునేవారు. అందరూ జలసంధి దాటి వెళ్లిపోయారు. చివరికి హూనా అనే ఊళ్లో స్థిరపడ్డారు. మంచు వెనక్కి తగ్గాక మళ్లీ వేటకు, చేపలకు, సముద్రపు కాకుల గుడ్లకు ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. ఈసారి ప్రభుత్వం అడ్డొచ్చింది. 1925లో ఇది రక్షిత ప్రాంతమైంది, 1980లో నేషనల్ పార్క్ అయింది. తాతముత్తాతల నేల మీద గుడ్లు ఏరుకోవడం కూడా నేరమైంది. 2014లో చట్టం చేశాకే దానికి దారి దొరికింది. 2016లో పార్కు ముఖద్వారం బార్ట్‌లెట్ కోవ్ దగ్గర వాళ్ల పూర్వీకుల పేరిట దేవదారు పలకలతో సామూహిక గృహం వెలిసింది. ప్రారంభానికి హూనా జనం చెక్కుడు పడవల్లో తెడ్లు వేసుకుంటూ వచ్చారు. పెద్ద ఓడలు ఇక్కడ ఆగవు. చిన్న ఓడల వాళ్లు దిగి, ఆ ఇంటి ముందు నిలబడి ఆ కథ వినొచ్చు.

చూడటానికి వెళ్తే...

1880ల్లో ఆవిరి ఓడల్లో యాత్రికులు ఎగబడి చూసిన మ్యూర్ హిమానీనదం ఇప్పుడు సముద్రం దాకా రావడమే లేదు. గ్లేసియర్ బేలో మంచు తగ్గడం 18వ శతాబ్దంలోనే మొదలైంది. దానికి ఓడలు కారణం కాదు. కానీ ఇటీవలి దశాబ్దాల్లో అలాస్కా మంచు ఇంత జోరుగా కరగడానికి కారణం భూమి వేడెక్కడమే. మంచు ఆసరా పోయాక కొండలూ నిలవడం లేదు. 2025 ఆగస్టు 10న జూనోకి దక్షిణాన ట్రేసీ ఆర్మ్ ఫియర్డ్‌లో హిమానీనదం పక్కనే కొండచరియ విరిగి నీళ్లలో పడింది. పెద్ద సునామీ లేచింది. తెల్లవారుజాము కావడంతో ప్రాణాలు పోలేదు. అప్పట్లో ఓడలు తిరిగిన దారి అది.

జూనో జనాభా 32 వేలు. ఏటా ఓడల్లో వచ్చేవాళ్లు 16 లక్షల పైనే. ఊపిరాడని ఊరు 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలే అని కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. అలాగని చిన్న ఓడ ఎక్కితే పాపం అంటదనుకోవడానికీ లేదు. అదీ డీజిల్‌తోనే నడుస్తుంది. అక్కడిదాకా వెళ్లేది విమానంలోనే. తేడా అల్లా ఒకటే... అది ఆగుతుంది, ఆగి విననిస్తుంది.

సియాటిల్ వైపు పిల్లల దగ్గరికి వెళ్లే మన అమ్మానాన్నలకు అలాస్కా యాత్ర కొత్తేమీ కాదు. అయితే పెద్ద ఓడ కెనడాలో ఆగుతుంది కాబట్టి అక్కడి వీసా సంగతి ముందే చూసుకోవాలి. చిన్న ఓడ టికెట్ ఖరీదు వారానికి మనిషికి కొన్ని వేల డాలర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా సీజన్. నడివేసవిలోనూ ఉన్నిబట్టలు, వానకోటు తప్పనిసరి.

ఆఖరి సాయంత్రం ఓడ మళ్లీ జూనో వైపు తిరుగుతుంది. జూన్‌లో అయితే రాత్రి పదింటికీ వెలుగే. సామాన్లు సర్దుకోవాల్సినవాళ్లంతా డెక్కు మీదే ఉంటారు. దూరంగా ఓ తోక లేచి మెల్లగా మునుగుతుంది. హవాయికి పోయిన తిమింగలం తిరిగొస్తుంది. సాల్మన్ తిరిగొస్తుంది. తరిమేసిన సీ ఆటర్లు, గద్దలు వచ్చాయి. రెండున్నర శతాబ్దాల తర్వాత హూనా జనమూ తమ ఇల్లు కట్టుకున్నారు. వెళ్లిపోతున్న మంచు మాత్రం ఎప్పుడు తిరిగొస్తుందో రేంజర్ కథలోనూ లేదు.