గిన్నె మీద పేరుంది, గొలుసు మీద లేదు

తెనాలిలో ఇరవై ఏళ్లుగా ప్లీడరుగా ఉన్నాను. విడాకుల కేసుల్లో మొగుడూ పెళ్లాల గొడవ కంటే నగల గొడవే ఎక్కువ రోజులు నడుస్తుంది.

పోయినేడాది ఒకమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. సంచిలో చదివింపుల పుస్తకం, పెళ్లి ఆల్బమ్, బంగారు కొట్టు బిల్లు. "30 కాసులు పెట్టామండీ మేడం గారూ," అంది తల్లి. బిల్లు 11 కాసులకే ఉంది. మిగతావి అమ్మమ్మ నగలు కరిగించి చేయించారట. "తెలిసిన కంసాలే కదా, చీటీ ఏం అడుగుతాం!"

చట్టం అమ్మాయి పక్షానే ఉంది. పెళ్లికి ముందు గానీ, పెళ్లిలో గానీ, తర్వాత గానీ పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, భర్త, బంధువులు ఆమెకని ఇచ్చినది స్త్రీధనం. అది ఆమె సొంతం. దాచమని భర్త చేతికిచ్చినంత మాత్రాన అతనిదైపోదని, కాజేస్తే క్రిమినల్ కేసేనని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కేరళలో ఒకామె 89 సవర్లను పెళ్లైన తొలిరాత్రే భర్త తీసుకుని భద్రంగా ఉంటాయని తన తల్లికిచ్చాడు. 2003 నాటి పెళ్లి అది. 25 లక్షలు కట్టమని అతణ్ని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024 ఏప్రిల్‌లో!

అడగాల్సింది కూడా అమ్మాయే. తెలంగాణ కేసొకటుంది. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్న కూతురి బంగారం కోసం తండ్రి పాత వియ్యంకుల మీద కేసు పెట్టాడు. ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రికి ఆ హక్కు లేదని 2024 ఆగస్టులో కోర్టు కొట్టేసింది.

మా కేసులో పేచీ కాసులపేరు దగ్గర వచ్చింది. అత్తగారు కోడలి మెడలో వేస్తున్న ఫోటో ఆల్బమ్‌లో ఉంది. "పెళ్లికి వేసుకోమని ఇచ్చాం గానీ ఇచ్చెయ్యలేదండీ," అన్నారావిడ. వేసుకున్నట్టు ఫోటో చెబుతుంది. ఎవరిదో చెప్పదు.

కానుకలన్నీ విలువతో, ఇచ్చినవారి పేరుతో జాబితా రాసి వధూవరులు సంతకాలు చేయాలని 1985 నాటి నిబంధన ఉంది. అలాంటి జాబితా నా కంట ఒక్కటీ పడలేదు. చదివింపుల పుస్తకంలో మాత్రం 116 రూపాయలు కూడా ఊరూ పేరుతో సహా ఉంటాయి!

కట్నం సంగతి ఎత్తితే తల్లి గొంతు తగ్గించింది, ఇచ్చినందుకు తమనే లోపలేస్తారేమోనని. కట్నం ఇవ్వడమూ నేరమే గానీ, బాధితురాలు చెప్పిన మాటను పట్టుకుని ఆమె మీద కేసు పెట్టకూడదని 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలోనే ఉంది. ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో అమ్మాయికి అప్పగించాలనీ ఉంది. ఆడపడుచు లాంఛనం వెనక్కొచ్చిన కేసు మాత్రం నేనెరగను.

ఇల్లు దగ్గరికొచ్చేసరికి చాలామంది బోల్తా పడతారు. విడాకులిస్తే సగం ఆస్తి వస్తుందనుకుంటారు. మన దగ్గర ఆ లెక్క లేదు. భర్త పేరునున్న ఫ్లాట్ భర్తదే. అతని ఆస్తీ సంపాదనా చూసి కోర్టు భరణం నిర్ణయిస్తుంది. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది, లోక్‌సభలో మురిగిపోయింది. ఫ్లాటు వాయిదాలు మీ జీతంలోంచి కడుతుంటే బ్యాంకు కాగితాలు పారేయకండి. పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చేవాళ్లు నోటిమాటతో సరిపెట్టకుండా రిజిస్టర్ చేయించండి.

చివరికి 19 కాసుల దగ్గర రాజీ కుదిరింది. కాసులపేరు అత్తగారి దగ్గరే ఉండిపోయింది. సామాను తెచ్చుకోవడానికి ట్రాలీ ఆటో కట్టించుకుని వెళ్లారు. అమ్మాయి పేరు కొట్టించిన 42 స్టీలు గిన్నెల్లో ఒక్కటీ తగ్గలేదు.